పటాలం తాత కోసం అయిదు రోజులు

మొదటి రోజు, శనివారం, విజయవాడ

మా అత్తయ్య వాళ్ళ దేవుడి గూట్లో వెంకటేశ్వరస్వామి పటం వెనక ఒక చిన్న స్టీలు డబ్బా ఉంటుంది. అందులో పసుపు అంటిన పట్టుగుడ్డ, ఆ గుడ్డలో ఒక బిళ్ళ. ఏటా దసరాకి ఆయుధపూజ రోజున దాన్ని బయటికి తీసి, చింతపండుతో తోమి, బొట్టు పెట్టి, కత్తిపీట పక్కన ఉంచి దండం పెడుతుంది. సాయంత్రానికి మళ్ళీ డబ్బాలోకి. మా ఇంట్లో అందరూ దాన్ని బంగారు పతకం అంటారు. పటాలం తాతకి రాజుగారు స్వయంగా ఇచ్చిందట.

పటాలం తాత అంటే మా నాన్నకి తాత. ఆయన గురించి నేను చిన్నప్పటి నుంచీ విన్నది ఇదీ: అమరావతి రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడిగారి కోటలో అంగరక్షకులకి పెద్ద. ఆరున్నర అడుగుల మనిషి. రాజాగారి గుర్రం పక్కన కత్తి పట్టుకుని నడిచేవాడు. తర్వాత పటాలంలో చేరి, సముద్రం దాటి, ఇరాక్‌లోని బస్రాలో యుద్ధం చేసి పతకంతో తిరిగొచ్చాడు. పేరు ఇక్కడ రాయను. మా దాయాదుల్లో ఇద్దరికి ఇప్పటికీ అదే పేరు, వాళ్ళకి నచ్చకపోవచ్చు.

హైదరాబాద్ నుంచి రాత్రి రైల్లో వస్తూ, నిద్రపట్టక, ఫోన్లో లెక్క వేశాను. వెంకటాద్రి నాయుడు పోయింది 1816లో. బస్రా యుద్ధం మొదటి ప్రపంచ యుద్ధంలోది, 1914లో మొదలైంది. ఇరవయ్యేళ్ళకి రాజాగారి కొలువులో చేరాడనుకున్నా, బస్రా వెళ్ళే నాటికి మా తాతకి ఎంత తక్కువ వేసినా నూట పద్దెనిమిది ఉండాలి. ఇన్నేళ్ళుగా ఈ మాట ఇంట్లో ఎవరికీ ఎందుకు తట్టలేదో! నాకూ నలభై అయిదు దాటాకే తట్టింది లెండి.

సత్యనారాయణపురంలో అత్తయ్యతో టిఫిన్ దగ్గరే ఈ సంగతి కదిపాను. పెసరట్టు తిప్పుతూ ఆవిడ వెనక్కి కూడా చూడలేదు.

"రాజంటే ఆయనొక్కడేనా ఏంటిరా? ఆయన కొడుకులు ఉండరా, మనవలు ఉండరా?"

"ఆయనకి పిల్లల్లేరు అత్తయ్యా. ఇద్దర్ని దత్తత తీసుకున్నాడు. వాళ్ళ గొడవ లండన్లో ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. జమీందారీ నాశనమైంది."

"అయితే ఆ గొడవల్లోనే కోటకి కాపలా కాసుంటాడు మీ తాత. అల్లం చట్నీ వేసుకో."

దీనికి నా దగ్గర సమాధానం లేదు.

భోజనాలయ్యాక బతిమాలి, సాయంత్రం దీపం పెట్టేలోపు తెస్తానని ఒట్టేసి, డబ్బా తీసుకుని వన్‌టౌన్ వెళ్ళాను. బంగారు కొట్ల సందులో ఒక ముసలి కంసాలి ఉన్నాడు, మా మావయ్యకి తెలిసినవాడు. గుడ్డ విప్పి బిళ్ళని అరచేతిలో వేసుకున్నాడు. రెండుసార్లు ఎగరేసినట్టు ఆడించాడు.

"గీటురాయి దాకా ఎందుకండీ. కంచు ఇది."

నేను చూస్తుండగానే కంటికి భూతద్దం బిగించాడు. ఒకవైపు అయిదో జార్జి తల. రెండోవైపు గుర్రం మీద బట్టల్లేని మనిషి, గుర్రం కాళ్ళ కింద ఒక డాలు, పుర్రె, అంచున 1914, 1918. బొమ్మలన్నీ నున్నగా అరిగి, చీకిన జీడిలా ఉన్నాయి. ఏళ్ళ తరబడి చింతపండు చేసిన పని. రిబ్బన్ ఎప్పుడో పోయింది.

"చుట్టూ అంచు మీద అక్షరాలున్నాయండీ. ఇంగ్లీషు."

అదే నాకు కావలసింది. ఆ యుద్ధపు పతకాల మీద పుచ్చుకున్నవాడి నంబరు, హోదా, పేరు, దళం అంచు మీదే అచ్చు వేసేవాళ్ళని చదివాను. ఫోన్ టార్చి పక్కవాటుగా పట్టుకున్నాను. ఆయన బిళ్ళని గోటితో కొంచెం కొంచెంగా తిప్పుతూ ఒక్కొక్క అక్షరమే చెప్పసాగాడు. మొదటి అంకెలు అరిగిపోయాయి. చివరి రెండూ మాత్రం 4, 7. తర్వాత సి. ఓ. ఇంకో ఓ. ఎల్.

"కూల్... అండీ?"

ఆ తర్వాత ఒక ఐ, ఒక ఈ కూడా ఉన్నాయి.

కూలీ. దాని పక్కన మా తాత పేరు, తప్పుల తడకగా, కానీ ఆయన పేరే. చివర లేబర్ కోర్ అన్నదానికి పొట్టి రూపం. ఈ బ్రిటిష్ వార్ మెడల్ సైనికులకి వెండిలో పోశారు. కంచులో పోసింది కూలి దళాలకి: చైనావాళ్ళకి, మాల్టావాళ్ళకి, మనవాళ్ళకి. లక్ష పైచిలుకు పోశారు. వెండివైతే యాభై రెట్లకి పైనే. ఈ సంగతి ముందే చదివినా, మా డబ్బాలో ఉన్నది ఆ రకం అయ్యుంటుందని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. బంగారం కాకపోతే వెండే అనుకున్నాను.

కంసాలి డబ్బులు తీసుకోలేదు. "తోమొద్దని చెప్పండి ఇంట్లో. ఇంకో నాలుగు పండగలైతే పేరు కూడా పోద్ది" అన్నాడు.

దీపం వేళకి డబ్బా తిరిగి గూట్లో పెట్టాను. ఏమన్నాడని అత్తయ్య అడిగింది. పాతది అన్నాడని చెప్పాను. అబద్ధమైతే కాదు.

రెండో రోజు, ఆదివారం, విజయవాడ నుంచి గుంటూరు

బందరు రోడ్డులో బాపూ మ్యూజియం. మొన్నమొన్నటి దాకా విక్టోరియా మ్యూజియం. రాణిగారు గద్దెనెక్కి యాభై ఏళ్ళయిందని 1887లో పునాది వేశారు. 1921లో గాంధీగారి ముందు పింగళి వెంకయ్యగారు జెండా పెట్టింది బెజవాడలో జరిగిన కాంగ్రెస్ సభల్లోనే. ఆ వెంకయ్యగారు కూడా పంతొమ్మిదేళ్ళ వయసులో పటాలంలో చేరి దక్షిణాఫ్రికా యుద్ధానికి వెళ్ళినవాడే. అక్కడే గాంధీని చూశాడు. భట్లపెనుమర్రు నుంచి బోయర్ యుద్ధానికి! మనవాళ్ళు ఎక్కడెక్కడికి వెళ్ళలేదు.

నేను వెళ్ళింది కత్తుల కోసం. అద్దాల వెనక కత్తులు, డాళ్ళు. మా తాతది ఇలాంటిదే అయ్యుంటుందని ఒక దాన్ని మనసులో ఎంచుకున్నాను, పెళ్ళిసంబంధం చూసినట్టు. అదో సరదా. అంతకుమించి ఏమీ దొరకలేదు.

ఒక మాట మాత్రం ఇక్కడే చెప్పాలి. ఉత్తరాదిన సిపాయిని ఒకప్పుడు "తిలంగా" అనేవాళ్ళు. క్లైవు మద్రాసు నుంచి ఓడల్లో తీసుకుపోయిన సిపాయిలతో 1757లో ప్లాసీ గెలిచాడు. వాళ్ళని బెంగాలీలు తెలుగువాళ్ళనే అర్థంలో తిలంగాలన్నారు. ఆ తర్వాత బీహారీ సిపాయి కూడా తిలంగానే అయిపోయాడు. వందేళ్ళు తిరిగేసరికి కథ అడ్డం తిరిగింది. 1885లో సర్వసైన్యాధిపతి అయిన రాబర్ట్స్ దొరకి దక్షిణాదివాళ్ళు యుద్ధానికి పనికిరారని గట్టి నమ్మకం. యుద్ధజాతులంటూ పంజాబు, నేపాలు వైపు తిరిగి మద్రాసు పటాలాలని ఒక్కొక్కటిగా రద్దు చేస్తూ పోయారు. అలా 1916 నాటికి గుంటూరు జిల్లా కుర్రాడికి తుపాకీ దొరకడం కష్టమైపోయింది, పలుగూ తట్టా దొరికాయి. జాతి పేరే సిపాయికి పెట్టుకున్నవాళ్ళు, ఆ జాతివాడికి కంచు బిళ్ళ ఇచ్చారు. నిన్న సాయంత్రం నుంచీ నా కడుపులో మండుతున్నది ఇదే.

మధ్యాహ్నం బస్సెక్కి మంగళగిరిలో దిగాను. గాలిగోపురం వెంకటాద్రి నాయుడు కట్టించిందే, 1807 నుంచి 1809 దాకా. 153 అడుగుల ఎత్తు, 49 అడుగుల వెడల్పు, 11 అంతస్తులు. సన్నగా, తాటిచెట్టులా లేస్తుంది. కింద నిలబడి చూస్తే మబ్బులు కదులుతుంటే గోపురమే మన మీదికి వాలుతున్నట్టు ఉంటుంది. కార్తీకమాసం, ఆదివారం, జనం తోసుకుంటున్నారు. కొబ్బరికాయ కొట్టి, చీరల కొట్లవాళ్ళ పిలుపులు తప్పించుకుని గుంటూరు బస్సు పట్టుకున్నాను.

మూడో రోజు, సోమవారం, గుంటూరు

మా బాబాయి రెవెన్యూలో ముప్ఫై అయిదేళ్ళు చేసి రిటైరయ్యాడు. బ్రాడీపేటలో ఇల్లు. ఆయనకి మనుషుల కంటే సర్వే నంబర్లు బాగా గుర్తుంటాయి. పతకం సంగతి చెబితే పెద్దగా పట్టించుకోలేదు. "బస్రా గిస్రా నాకు తెలీదు గానీ, రాజాగారి కొలువన్నావు చూడు, అది నిజమైతే మాన్యం ఉండాల. ఉత్త చేతుల్తో ఎవడు చేస్తాడ్రా కొలువు? మాన్యం ఉంటే ఐ.ఎఫ్.ఆర్‌లో ఉండాల" అన్నాడు.

ఐ.ఎఫ్.ఆర్ అంటే ఇనాం ఫెయిర్ రిజిస్టర్. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసింది. రాజులూ జమీందార్లూ ఇచ్చిన మాన్యాలన్నింటికీ, అంటే ఇనాం భూములన్నింటికీ, లెక్క తీశారు. ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, దేనికిచ్చారు, ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది, వాళ్ళకీ మొదట పుచ్చుకున్నవాళ్ళకీ వరసేమిటి, అంతా గళ్ళు గీసి రాశారు. కోర్టు గొడవల్లో ఇప్పటికీ దాని మాటే చెల్లుతుంది. మన దగ్గర వంశవృక్షం అంటే ఇదే అంటాడు బాబాయి. సిద్ధాంతి రాసింది కాదు, గుమాస్తా రాసింది.

పొద్దున పదింటికి ఒక ఆఫీసుకి వెళ్ళాం. రికార్డు రూము తాళం ఉన్నాయన సెలవు. పదకొండున్నరకి ఆయన రాలేదు గానీ తాళం వచ్చింది. మా ఊరి పేరు చెబితే, గుంటూరు జిల్లా జాబితాలో లేదన్నారు. చదలు తినేసి ఉంటాయి సార్, అప్లికేషన్ పెట్టుకోండి, నెల పడుతుంది, అన్నారు. నాకు సెలవు ఉన్నది ఇంకో రెండు రోజులు. టెన్షన్‌తో గోళ్ళు కొరుక్కుంటున్నాను.

బాబాయి ఒక కప్పు టీ తాగాడు. రెండో కప్పు సగంలో తొడ మీద చరుచుకున్నాడు.

"ఒరేయ్, ఆ రిజిస్టరు రాసిన 1861లో గుంటూరు జిల్లా ఏందిరా? లేదు గదా!"

నిజమే. 1859లో గుంటూరు జిల్లాని ఎత్తేసి కృష్ణాలో కలిపేశారు. మళ్ళీ విడదీసింది 1904లో. మేం వెతికే పుస్తకం మీద గుంటూరు అని ఎందుకుంటుంది? కృష్ణా అని చెప్పి మళ్ళీ వెతికించేసరికి మూడు దాటింది. చివరికి దొరికిన నకలు మూలలు అప్పడంలా విరిగిపోతున్నాయి. ఇంగ్లీషు, మెలికల చేతిరాత. బాబాయి వేలు తగలనివ్వకుండా, కాగితానికి బెత్తెడు ఎత్తులో వేలు నడుపుతూ చదివాడు.

ఇనాం రకం: కట్టుబడి. విస్తీర్ణం: మూడెకరాల నలభై రెండు సెంట్లు, మెట్ట. ఎవరిచ్చారు: వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు, ఫసలీ 1209. మొదట పుచ్చుకున్నది ఎవరు అన్న గడిలో మా తాత పేరు.

"ఫసలీకి 590 కలుపు" అన్నాడు బాబాయి. ఫసలీ అంటే రెవెన్యూ లెక్కల ఏడాది. కలిపితే 1799.

నా గుండె దడదడలాడింది. ఉన్నాడు! కోట కావలి తాత అబద్ధం కాదు. బస్రా తాతా కాదు. అంటే ఇద్దరు. ఒకే పేరుతో, నూరేళ్ళ తేడాతో.

"ఆగు, ఇంకా అయిపోలా" అని బాబాయి వేలు పక్క గడికి జరిపాడు. ఇప్పటి ఇనాందారు ఎవరు: మళ్ళీ అదే పేరు. వయసు 31. మొదటి ఇనాందారుకి మనవడు.

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తాత పేరు మనవడికి పెట్టడం మన ఇళ్ళల్లో మామూలే గదా. 1799లో ఒకడు. 1861లో అతని మనవడు. ఆ మనవడి మనవడు బస్రా వెళ్ళినవాడు. ఇద్దరు కాదు, ముగ్గురు. మా నాయనమ్మ "మీ తాత" అని కథ చెబుతుంటే ఏ తాత అని అడిగినవాడు లేడు. మూడు జీవితాలు ఒక్క మనిషి నెత్తిన పడ్డాయి. పాపం, ఆరున్నర అడుగులు లేకపోతే ఎలా మోస్తాడు!

కట్టుబడి అంటే ఏమిటో బాబాయి రాత్రి అన్నం దగ్గర చెప్పాడు. కట్టుబడి బంట్రోతు జీతగాడు కాదు. తన చేను తాను దున్నుకుంటాడు. కబురొస్తే బల్లెమో కత్తో పట్టుకుని పోవాలి. ఖజానా బండి వెంట నడవాలి, కోట గుమ్మం దగ్గర కాపలా ఉండాలి, శిస్తు ఇవ్వనివాడి అరుగు మీద కూర్చోవాలి. అంగరక్షకుల దళానికి పెద్దా కాదు, పాడూ కాదు. 1802లో జమీందార్ల శిస్తు ఖాయం చేస్తూ శాశ్వత పైసలా అయ్యాక జమీందార్లకి సైన్యంతో పనిలేకుండా పోయింది. బంట్రోతు మిగిలాడు, చేను మిగిలింది, పని పోయింది. అరవై ఏళ్ళకి ఇనాం కమిషన్ వచ్చి, ఈ కొలువుతో ఇక అవసరం లేదు, ఏటా ఇంత కట్టుకుని భూమి అనుభవించుకో అని మనవడికి రాసిచ్చేసింది.

ఆ మనవడి గురించే నాకు నిద్ర పట్టలేదు. మొదటివాడికి రాజు, మూడోవాడికి బస్రా. మధ్యవాడికి మా ఇంట్లో ఒక్క కథా లేదు. 1832-33లో డొక్కల కరువు వచ్చింది. గుంటూరు జిల్లాలో అయిదు లక్షల జనంలో లక్షన్నర నుంచి రెండు లక్షల దాకా పోయారంటారు. 1861లో ముప్ఫై ఒకటంటే ఇతను కరువు నాటికి రెండు మూడేళ్ళ పిల్లాడు. ఆ పిల్లాడి నోట్లో ఎవరో గంజి పోశారు కాబట్టి నేను ఈ మంచం మీద దొర్లుతున్నాను.

నాలుగో రోజు, మంగళవారం, అమరావతి

కార్తీక సోమవారం అమరావతిలో కాలు పెట్టే చోటుండదని బాబాయి ఒకరోజు ఆపాడు. మంగళవారం స్కూటర్ మీద బయల్దేరాం, లాం దాటి తాడికొండ మీదుగా. రోడ్డుకి రెండువైపులా పత్తి, మిర్చి. మిర్చి ఇంకా పచ్చగానే ఉంది.

అమరేశ్వరుడి లింగం పదిహేను అడుగుల పాలరాయి. అర్చకులు మెట్లెక్కి పైనుంచి అభిషేకం చేస్తారు. చింతపల్లి నుంచి రాజధాని ఇక్కడికి మార్చి, ఈ ఊరు కట్టించి, గుడి బాగు చేయించింది వెంకటాద్రి నాయుడే. ఎందుకు మార్చాడో ఈ చుట్టుపక్కల ఎవర్నడిగినా చెబుతారు. ఊళ్ళ మీద పడి దోచుకుంటున్నారని చెంచులని భోజనానికి పిలిచి, నూటయాభై మందిని వరసగా నరికించాడట. ఆ ఊరు నరుకుళ్ళపాడు. ఆ తర్వాత కంచంలో అన్నం ముందు కూర్చుంటే మెతుకులు పురుగుల్లా కనిపించేవట. ప్రాయశ్చిత్తం కోసం అమరేశ్వరుడి కాళ్ళ మీద పడి, ఉన్నదంతా గుళ్ళకి పెట్టాడట.

ఈ కథ నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. రాజుగారి పశ్చాత్తాపం కథగా తెలుసు. ఇవాళ కృష్ణ ఒడ్డున, మెట్ల మీద ఆరిపోయిన నిన్నటి ప్రమిదల మధ్య కూర్చుంటే ఇంకోలా తగిలింది. రాజు నరికించాడు సరే. నరికింది ఎవరు? రాజు చేత్తో నరకడు గదా. నూటయాభై మందికి కత్తులు పట్టుకున్నవాళ్ళు ఎందరో కావాలి. కబురొస్తే కత్తి పట్టుకుని పోవాల్సినవాడు మా ఇంట్లో ఒకడున్నాడని నిన్ననే కాగితం మీద చూశాను.

బాబాయితో అన్నాను.

ఆయన చాలాసేపు నీళ్ళవైపు చూశాడు. "మాన్యం దేనికిచ్చారో గడిలో కట్టుబడి అనే రాశార్రా. అంతకంటే చదవబాక" అన్నాడు. లేచి పంచె దులుపుకున్నాడు. మళ్ళీ తనే అన్నాడు, "మీ నాయనమ్మ మాత్రం మాకు చిన్నప్పుడు ఒకటి చెప్పేది. కడుపు నిండినోడి ముందు కత్తిపీట పెట్టకూడదని. ఎందుకో ఎప్పుడూ చెప్పలా."

ఆ మాటని దేనికీ ముడిపెట్టదలచుకోలేదు. రాసి ఊరుకుంటున్నాను.

తర్వాత దీపాలదిన్నె. ఇక్కడి బౌద్ధుల మహాస్తూపం, మహాచైత్యం, ఇప్పుడు గడ్డి మొలిచిన గుండ్రటి దిబ్బ. రాజాగారి మనుషులు కొత్త ఊరికి ఇటుకల కోసం దీన్ని తవ్వుతుంటే చెక్కుడు పలకలు బయటపడ్డాయి. ఆ కబురు విని 1797లో కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చాడు. ఆ పలకల్లో చాలా భాగం ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, చెన్నై ఎగ్మూర్‌లో ఉన్నాయి. మెకంజీకి ఊరూరి కైఫీయతులు, అంటే ఊళ్ళ చరిత్రలు, రాయించి పెట్టింది కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి, ఏలూరివాళ్ళు. "చూశావా, మనది కావలి ఉద్యోగం, వాళ్ళది కావలి ఇంటిపేరు. వాళ్ళు కాగితం పట్టుకున్నారు, పేరు నిలబడింది. మనోడు బల్లెం పట్టుకున్నాడు" అని నవ్వాడు బాబాయి. 1799 నాటి మా తాత ఇక్కడ ఇటుకలు మోసేవాళ్ళని కాపలా కాశాడో, తనే మోశాడో.

అయిదో రోజు, బుధవారం, మా ఊరు, మళ్ళీ విజయవాడ

ఊళ్ళో మాకు ఇప్పుడు ఇల్లు లేదు. బాబాయికి పిన్ని వరసయ్యే ఆవిడ ఉంది, తొంభై దాటాయి. బస్రా తాతని కళ్ళారా చూసినవాళ్ళలో మిగిలింది ఆవిడే. కాపురానికి వచ్చేనాటికి ఆయన ముసలివాడు.

"ఆరున్నర అడుగులా? ఎవడన్నాడు? నా అంతే ఉండేవోడు" అంది. ఆవిడ నా భుజం దాకా కూడా రాదు.

తెల్లారకముందే లేచి దుప్పటి నాలుగు మడతలు, అంచుకి అంచు కలిపి పెట్టేవాడట. టీ కావాలనేవాడట, ఊళ్ళో ఇంకా ఎవరికీ అలవాటు లేనప్పుడు. యుద్ధం గురించి అడిగితే ఎండ గురించి చెప్పేవాడట. ఓడల్లోంచి మూటలు దించామనీ, రైలు కట్టలు పోశామనీ, ఇనుము ముట్టుకుంటే చెయ్యి కాలిపోయేదనీ. కుడి భుజం కొంచెం కిందికి జారి ఉండేదట.

"ఆ భుజం మీద మోసీ మోసీ అట్టా అయిందంట. చొక్కా కుట్టేవోడు తిట్టుకునేవోడు."

ఆ యుద్ధానికి ఈ దేశం నుంచి సముద్రం దాటినవాళ్ళు పది లక్షలకి పైనే. 74 వేల మంది తిరిగి రాలేదు. మా కుడి భుజం తాత తిరిగొచ్చాడు.

లేవబోతూ, మూడెకరాల మెట్ట చేను ఏదైనా గుర్తుందా అని అడిగాడు బాబాయి, ఆశ లేకుండానే.

"బంట్రోతు చెక్కా? మేం పత్తేసేవోళ్ళం గదా దాంట్లో."

మా నాన్న నోట నేను ఆ పేరు వందసార్లు విన్నాను. బంట్రోతు చెక్క అమ్మి పెద్దక్క పెళ్ళి చేశారు, బంట్రోతు చెక్కలో బావి పడింది... చేను పేరు చేను పేరే అనుకున్నాను. రెండొందల ఏళ్ళుగా కాగితం లేకుండా ఆ పేరు నోళ్ళలోనే ఉంది. ఇప్పుడు ఆ చేను ఎక్కడని చూపించమంటే ఆవిడ చేత్తో అటుగా అని ఊపింది. రాజధాని పూలింగ్‌లోకి వెళ్ళిపోయింది. గట్లు లేవు, మళ్ళీ గీసిన ప్లాట్ల రాళ్ళున్నాయి.

సాయంత్రానికి విజయవాడ. రాత్రి పదింటికి రైలు. అత్తయ్య గోంగూర, పప్పు, వడియాలు చేసి పెట్టింది. తిన్నాక చెప్పాలనుకుని, తింటూనే చెప్పేశాను. ముగ్గురు తాతల సంగతి, బంట్రోతు సంగతి, చివరికి పతకం అంచు మీది మాట. ఆవిడ ఫోన్ తీసుకుని నేను తీసిన ఫొటోని రెండు వేళ్ళతో పెద్దది చేసి చూసింది. ఆవిడకి ఇంగ్లీషు అక్షరాలు వచ్చు.

"కూలీ అని రాశారా మొహాన? పేరు కంటే ముందు?"

"అవునత్తయ్యా."

"సముద్రం దాటి కూలికెళ్ళాడన్నమాట." కాసేపాగింది. "మరి నాయనమ్మకి తెలుసా?"

"తెలిసే ఉంటుంది."

లేచి గూటి దగ్గరికి వెళ్ళింది. డబ్బా తెచ్చి, బిళ్ళ తీసి, కొంగుతో పట్టుకుని ఆ అరిగిన అంచుని తడిమి చూసింది. అంకెలు పోయినచోట వేలు ఆగింది.

"ఇది నేను తోమిందేనా?"

ఏం చెప్పాలో తెలీక, నీకంటే ముందు నాయనమ్మ కూడా తోమింది గదా అన్నాను.

గుడ్డలో చుట్టి, మూత పెట్టి, మళ్ళీ మూత తీసింది.

"సరే. దసరాకి దేంతో తుడవాలో చెప్పి రైలెక్కు."

"ఊరికే మెత్తటి పొడి గుడ్డతో, అత్తయ్యా."

"బొట్టు?"

ఆటోవాడు కింద హారన్ కొడుతున్నాడు. అంచు మీద పడకుండా పెట్టుకోమన్నాను.